కాంటాక్టులు అడిగితే ఇవ్వని ఫోను

పోస్టు కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. మా రూములో ఉన్న ఫోను గురించి చాలామంది అడుగుతున్నారు. "గూగుల్ లేకుండా ఎట్టా నడిచిద్ది? యూపీఐ పనిచేసిద్దా? అసలు మనకెందుకంత అవసరం?" అని. మొదటి రెండిటికీ జవాబు చిన్నదే. మూడోదానికే పెద్ద జవాబు ఉంది. అన్నీ కలిపి ఒకేసారి రాస్తున్నాం.

మేం ముగ్గురం గుంటూరులో ఒకే రూములో ఉండి చదువుకుంటున్నాం. ఒకడిది స్టువర్టుపురం, ఎరుకల. ఒకడిది మాచర్ల దాటాక తండా, సుగాలి. ఒకడిది రేపల్లె వైపు, యానాది. భాషలు వేరు, ఊళ్ళు వేరు. ఇళ్ళల్లో పని మాత్రం చాలావరకు ఒకటే. పత్తి తీతలు, ఆ తర్వాత మిరప కోతలు, కల్లాల్లో తాలు కాయ ఏరడం. ఆ పని ఇప్పుడు ఫోను మీదే నడుస్తోంది. మేస్త్రి ఎవరిని పిలుస్తాడు, ఆటో ఎన్నింటికి వస్తుంది, కూలి ఎవరి ఖాతాలో పడింది, స్కాలర్‌షిప్ కోసం జ్ఞానభూమిలో ఏం చూపిస్తోంది, అన్నీ అందులోనే. కాబట్టి మనవాళ్ళకి ఫోను సోకు కాదు. అది పోతే పని పోయినట్టే.

మాకు ఈ ధ్యాస ఎక్కడ పట్టుకుందో చెప్తాం. మాలో ఒకడి తండాలో మామ వరసయ్యే ఆయన మిరప చేనుకి మందు కొట్టించడానికి డబ్బు తక్కువై, ఫోనులో వచ్చిన ఒక లోన్ యాప్‌లో ఎనిమిది వేలకి నొక్కాడు. చేతికొచ్చింది ఐదు వేల చిల్లర. వారం తిరక్కముందే ఎనిమిదీ కట్టమన్నారు. అక్కడా ఇక్కడా తెచ్చి కట్టాడు. ఇంకా బాకీ ఉందన్నారు. తర్వాత ఆయనకి ఫోన్ చేయడం మానేసి ఆయన ఫోనులో ఉన్న పేర్లకి చేయడం మొదలుపెట్టారు. ముఠా మేస్త్రికి, యార్డులో కమీషన్ వ్యాపారికి, పిల్లల బడి సారుకి, కూతురి అత్తగారికి. అందరికీ ఆయన ఫోటో, కింద "దొంగ" అని. తర్వాత మార్చిన బూతు ఫోటోలు. మేస్త్రి ఆ సీజనంతా ఆ ఇంటివాళ్ళని కోతకి పిలవలేదు. ఎందుకని అడిగితే "మనకెందుకులే ఆ గొడవ" అన్నాడంట. ఎనిమిది వేల అప్పు తీరింది, కానీ ఒక సీజను కూలి పోయింది.

ఆ "దొంగ" అనే మాట మన ఇళ్ళల్లో ఎక్కడ తగులుద్దో ఈ గ్రూపులో ఎవరికీ వివరించక్కర్లేదు.

2022లో ఇట్టాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నవాళ్ళ గురించి పేపర్లలో చదివే ఉంటారు. ఆ ఏడాది సెప్టెంబర్ 2న రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులో ఉన్న కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ళ జోలికి పోకూడదు అని. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా తన ప్లే స్టోరులో లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు అడగకూడదని రూలు పెట్టింది. మంచిదే. కానీ వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా వచ్చే యాప్ ప్లే స్టోరు గడప తొక్కదు. దానికి ఆ రూలు ఎవరు చెప్తారు?

మేం ముగ్గురం కూర్చుని ఆలోచించింది ఇక్కడే. ఆ యాప్ తాళం పగలగొట్టుకుని లోపలికి రాలేదు. "మీ కాంటాక్టులు చూడనిస్తారా" అని అడిగే వచ్చింది. ఇవ్వనంటే అప్పు లేదు. ఇస్తానంటే ఊరంతా దాని చేతిలో. రాత్రికి మందు కొట్టించకపోతే చేను పోయే మనిషికి ఆ రెండు బటన్లూ ఒకటే. మరి అడిగినవాడికి ఇచ్చినట్టే ఉండి, ఏమీ ఇవ్వకుండా ఉండే ఫోను ఉందా? ఇదీ మా ప్రశ్న. వెతికితే ఉంది.

ఆండ్రాయిడ్ అసలు కోడు అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మనం కొనే ఫోనులో ఆ కోడు మీద గూగుల్ తన సేవలు, ఫోను కంపెనీ తన యాప్‌లు కలిపి ఇస్తాయి. ఆ కలిపినవి తీసేసి, యాప్‌లకి మరిన్ని కట్టుబాట్లు పెట్టి కొత్త వ్యవస్థలు తయారుచేసేవాళ్ళు ఉన్నారు. లీనియేజ్ ఓఎస్ అందులో ఒకటి. సైనోజెన్‌మాడ్ అనేది ఆగిపోయాక 2016 డిసెంబరులో మొదలైంది. చాలా కంపెనీల పాత ఫోన్ల మీద ఎక్కుతుంది. పక్కనే మద్రాసు ఐఐటీ ఆసరాతో పెరిగిన సంస్థ భరోస్ అని ఒకటి 2023 జనవరిలో చూపించింది. కానీ దాన్ని భద్రత గట్టిగా కావాల్సిన సంస్థల కోసమన్నారు. మేం ఎంచుకున్నది గ్రాఫీన్ ఓఎస్. లాభం కోసం కాకుండా కెనడాలో ఒక ఫౌండేషన్ నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు.

ఒక తమాషా ఉంది. గూగుల్ నుంచి దూరం జరగాలంటే గూగుల్ ఫోనే కొనాలి. గ్రాఫీన్ ఇప్పటిదాకా పిక్సెల్ ఫోన్ల మీదే ఎక్కుతోంది. కారణం ఉంది. కొత్త వ్యవస్థ ఎక్కించాలంటే ఫోను బూట్‌లోడర్ తాళం తీయాలి. చాలా ఫోన్లలో తీసిన తాళం మళ్ళీ సరిగ్గా వేయడం కుదరదు. తెరిచే ఉండిపోతుంది. ఫోను చేతికి చిక్కినవాడు లోపల ఏదైనా మార్చిపెట్టినా మనకి తెలీదు. పిక్సెల్‌లో వేరే వ్యవస్థ ఎక్కించాక కూడా తాళం తిరిగి వేయొచ్చు. పాత రెడ్‌మీ మీద లీనియేజ్ ఎక్కించుకుని పాటలకి, పుస్తకాలకి వాడుకోండి, బాగుంటుంది. బ్యాంకు పని ఉన్న ఫోనుకి మాత్రం తెరిచిన తాళం మంచిది కాదు.

సంక్రాంతి సెలవుల్లో కోతలకి పోయిన డబ్బు ముగ్గురం కలిపి, వాడిన పిక్సెల్ 7 ఒకటి పదహారు వేల చిల్లరకి కొన్నాం. ఇది ఎవరి సొంతం కాదు. రూము ఫోను. రోజువారీ మాటలకి, వీడియోలకి మా పాత ఫోన్లు మాకున్నాయి. స్కాలర్‌షిప్, బ్యాంకు, సర్టిఫికెట్లు, ఇంటివాళ్ళ పనులు, ఇట్టాంటి బరువైనవి దీంట్లో.

వాడిన పిక్సెల్ కొనేవాళ్ళు డబ్బు ఇచ్చేముందే ఒకటి చూసుకోండి. సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్"కి పోయి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో "ఓఈఎం అన్‌లాకింగ్" అనే మీట ఉంటుంది. ఫోనుకి నెట్ ఇచ్చి చూడండి. ఆ మీట కదిలితే కొనండి. బూడిద రంగులో కదలకుండా ఉంటే వదిలేయండి. అమెరికాలో కొన్ని టెలికాం కంపెనీలు తాళం వేసి అమ్మిన ఫోన్లు ఇక్కడికి వస్తుంటాయి. వాటి మీద ఇది ఎక్కదు. రెండోది, ఆ మోడలుకి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో చూడండి. పిక్సెల్ 6, 7 వరసలకి విడుదలైన దగ్గర్నుంచి ఐదేళ్ళు, 8 నుంచి ఏడేళ్ళు. అప్‌డేట్లు ఆగిన ఫోను ఎంత చవగ్గా వచ్చినా ఈ పనికి రాదు.

ఎక్కించడం మేం భయపడినంత లేదు. ఒక అన్న దగ్గర లాప్‌టాప్ తెచ్చుకున్నాం. గ్రాఫీన్ వాళ్ళ వెబ్‌సైటులోనే, క్రోమ్ లాంటి బ్రౌజరులో, బటన్ల మీద ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోవడం. డేటా వెళ్ళే మంచి కేబుల్ కావాలి. ఒట్టి ఛార్జింగు కేబుల్‌తో జరగదు. ఫోను ఆపి, వాల్యూమ్ తగ్గించే బటను పట్టుకుని ఆన్ చేస్తే వేరే తెర వస్తుంది. తాళం తీయమని వెబ్‌సైటులో నొక్కితే, ఫోను మీద "సరే" అని మనం ఒప్పుకోవాలి. అప్పుడు లోపలున్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత కొత్త వ్యవస్థ దిగుతుంది, ఎక్కుతుంది, ఫోను రెండు మూడు సార్లు తనంతట తాను ఆగి లేస్తుంది. మధ్యలో కేబుల్ ముట్టుకోకూడదు. చివర్లో తాళం మళ్ళీ వేయాలి. ఈ మెట్టు ఎగ్గొట్టొద్దు, అసలు భద్రతంతా అక్కడే. ఇక ఫోను ఆన్ చేసిన ప్రతిసారీ "ఇందులో వేరే వ్యవస్థ ఉంది" అని పసుపు గుర్తుతో ఒక హెచ్చరిక వస్తుంది. ఖంగారు పడొద్దు, అట్టాగే వస్తుంది. వద్దనుకుంటే మళ్ళీ గూగుల్ వ్యవస్థే ఎక్కించుకోవచ్చు.

మొదటిసారి తెరిచినప్పుడు బోసిగా ఉంది. ప్లే స్టోరు లేదు, యూట్యూబ్ లేదు, గూగుల్ లేదు. ఒక బ్రౌజరు, కెమెరా, ఫోను, మెసేజీలు, ఇంకొన్ని చిన్నవి. "పదహారు వేలు పెట్టి పదిహేనేళ్ళ కిందటి ఫోను కొన్నట్టుందిరా" అని మాలో ఒకడు అన్నాడు. ఇక్కడ్నుంచి ఏం కావాలో మనమే ఒక్కొక్కటి పెట్టుకోవాలి. మాకు ఉపయోగపడ్డవి నాలుగు.

మొదటిది వేరువేరు ప్రొఫైళ్ళు. ఒక ఇంట్లో మూడు గదులు అనుకోండి. ఒక్కో గదికి ఒక్కో తాళంచెవి. మేం ముగ్గురం మూడు పాస్‌వర్డులు పెట్టుకున్నాం. ఒకడి గదిలో యాప్‌లు, ఫోటోలు ఇంకొకడికి కనపడవు. పని అయ్యాక సెషన్ ముగిస్తే ఆ గది మూసుకుపోయి లోపలి యాప్‌లన్నీ ఆగిపోతాయి. కాల్స్, మెసేజీలు ఏ గదికి ఇవ్వాలో కూడా మొదటి ప్రొఫైలు నుంచే నిర్ణయించాలి.

రెండోది గూగుల్. అసలు వద్దంటే కుదరదు. బ్యాంకు యాప్‌లు, ఇంకా చాలా యాప్‌లు గూగుల్ ప్లే లేకపోతే తెరుచుకోవు. మామూలు ఫోనులో గూగుల్ ఇంటి పెద్దలాగా ఉంటుంది, ఏ గదికైనా పోతుంది. గ్రాఫీన్‌లో దాన్ని మిగతా యాప్‌లలాగే ఒక మామూలు యాప్‌గా పెట్టుకోవచ్చు. ఇచ్చిందే తింటుంది. మేం ఒక్క గదిలోనే పెట్టాం.

మూడోది, దేనికోసమైతే కొన్నామో అది. కాంటాక్ట్ స్కోప్స్ అంటారు. యాప్ కాంటాక్టులు అడుగుతుంది. ఫోను "సరే, ఇచ్చాను" అంటుంది. యాప్ చూసుకుంటే ఖాళీ. లేదా మనం ఏరి ఇచ్చిన నాలుగు పేర్లు. యాప్‌కి ఇచ్చినట్టే ఉంటుంది, అలిగి ఆగిపోదు. ఫోటోలకి, ఫైళ్ళకి కూడా ఇట్టాంటిదే స్టోరేజ్ స్కోప్స్ అని ఉంది. మా మామ కథ విన్నాక మొదటిసారి ఆ ఖాళీ పట్టీ చూసినప్పుడు ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. అంతే కదా కావాల్సింది! మేస్త్రి నంబరు మేస్త్రిది, అక్క నంబరు అక్కది. వాళ్ళని అడక్కుండా ఆ నంబర్లు ఎవరికో ఇచ్చే హక్కు నిజానికి మనకి కూడా లేదు.

నాలుగోది, ఏ యాప్‌కైనా నెట్ తీసేయొచ్చు. టార్చి లైటుకి నెట్ ఎందుకు? పంచాంగానికి ఎందుకు? తెలుగు టైపింగు దగ్గర ఇది బాగా పనికొచ్చింది. గ్రాఫీన్‌తో వచ్చే కీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మారే వీలు లేదు. అందుకని గూగుల్ కీబోర్డు పెట్టుకుని, తెలుగు దించుకున్నాక దానికి నెట్ తీసేశాం. మనం కొట్టే ప్రతి అక్షరం దాని వేళ్ళ కిందనుంచే పోతుంది కదా. ఇప్పుడు తెలుగు వస్తుంది, మాట బయటికి పోదు.

కుదరనివి కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టు. కొన్ని బ్యాంకు యాప్‌లు "ఇది గూగుల్ ధ్రువీకరించిన ఫోనేనా" అని పరీక్ష చేస్తాయి. గ్రాఫీన్‌కి ఆ ధ్రువీకరణ లేదు. మా మూడు ఖాతాల్లో రెండు బ్యాంకుల యాప్‌లు తెరుచుకున్నాయి, ఒకటి తెరుచుకోలేదు. దాన్ని బ్రౌజరులో వాడుతున్నాం. మీ బ్యాంకు సంగతి ముందే కనుక్కోండి. ఇంట్లో డబ్బుకి ఉన్న ఒక్క ఫోను మీద మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు.

ఇక మూడో ప్రశ్న. మా తాత వరస ఆయన ఒకాయన ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "మన దగ్గర ఏముందిరా అబ్బాయిలూ దాచుకోడానికి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని చాలా దూరం తీసుకుపోయింది.

దాచుకోనివ్వకపోవడం మనవాళ్ళకి కొత్త కాదు. నేరస్త తెగల చట్టం 1871లో ఉత్తరాదిన వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. దాని కింద ఎరుకలతోపాటు మరికొన్ని తెగల పేర్లు రిజిస్టర్లో ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పిన వేళకి హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరి పేరు. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయింది కానీ ఊరి పేరు చెప్తే ఎదుటివాడి ముఖం మారడం పోలేదు. మాలో స్టువర్టుపురం వాడు గుంటూరులో రూము వెతికినప్పుడు ఊరి పేరు అడిగిన ఇళ్ళల్లో ఏం జరిగిందో మేం చూశాం.

ఆ రిజిస్టర్లో వేలు పెట్టించేటప్పుడు మన ముత్తాతలకి "అలో", "డోంట్ అలో" అని రెండు బటన్లు ఎవరూ చూపించలేదు. మనకి చూపిస్తున్నారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అంటే దాచుకోడానికి మన దగ్గర ఏముందని ఇక ఎవరూ అడగక్కర్లేదు. ఏమీ లేకపోయినా హక్కు ఉంది.

అట్టాగని ఫోను ఒక్కటే మనల్ని కాపాడుతుందని అనుకోవద్దు. 2018 ఏప్రిల్లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా బయటపడి ఉన్నాయని హైదరాబాదుకి చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. ఇల్లు కోసం దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఏ ఫోను వాడితే ఏం లాభం? 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో హాజరు ఎక్కించాలన్నారు. ఆ ఫోను మేటుది, ముఖం మన అమ్మది. 2025లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు కావాలన్నారు. వీటికి వద్దనే బటను లేదు. వద్దంటే కూలి, పంట రెండూ ఆగుతాయి. సిమ్ వేసిన ఫోను ఎక్కడుందో టెలికాం కంపెనీకి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది, వ్యవస్థ ఏదైనా సరే. వద్దనలేని చోట్లు ఇన్ని ఉన్నాయి కాబట్టే, వద్దనగలిగిన చోట గట్టిగా అనాలన్నది మా మాట.

ఒక హెచ్చరిక. గ్రాఫీన్‌లో ఇంకో పిన్ పెట్టుకునే వీలుంది. ఎవరైనా బలవంతంగా ఫోను తెరవమంటే ఆ పిన్ కొడితే లోపలున్నదంతా చెరిగిపోతుంది. మేం ముగ్గురం మాట్లాడుకుని అది పెట్టుకోలేదు. మనలాంటి వాళ్ళం దారిలో ఆపించుకోవడం కొత్త కాదు. అట్టాంటప్పుడు ఫోను ఖాళీ అయితే అదే ఇంకో అనుమానం, కేసు కూడా కావచ్చు. 2025లో స్పెయిన్‌లోని కాటలోనియాలో పోలీసులు పిక్సెల్ ఫోను కనపడితే మత్తుమందుల వ్యాపారేమోనని చూస్తున్నారని వార్తలొచ్చాయి. పుట్టుకని బట్టి అనుమానించడం మనకి తెలుసు. చేతిలో ఫోనుని బట్టి అనుమానించడం కూడా ఉందన్నమాట. ఫోనుకి మంచి పాస్‌వర్డు పెట్టుకోండి, అది చాలు.

ఇంకొకటి మగపిల్లలకి చెప్పాలి. గోప్యత అంటే బయటివాళ్ళనుంచే అనుకుంటాం. మన ఇళ్ళల్లో ఒక్క ఫోను ఉంటే అది నాన్న జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది. ఇంటర్ చదివే చెల్లెలు ఒంట్లో బాగాలేని సంగతి వెతుక్కున్నా, ఏ కాలేజీకి అప్లై చేయాలో స్నేహితురాలిని అడిగినా, సాయంత్రానికి ఇంట్లో అందరూ చదివేస్తారు. మా రూము ఫోను చూశాక మాలో ఒకడు ఇంటికి పోయి, ఇంట్లో ఉన్న మామూలు ఫోనులోనే చెల్లెలికి వేరే యూజరు తెరిచి, పాస్‌వర్డు ఆ పిల్లనే పెట్టుకోమన్నాడు. "నీకు చెప్పొద్దా?" అని అడిగిందంట. "చెప్పొద్దు" అన్నాడు. పదహారు వేలు లేకుండా అయిన పని ఇది.

అందుకే కొత్త ఫోను కొనలేనివాళ్ళకి, అంటే మనలో చాలామందికి, ఉన్న ఫోనులోనే చేసుకోగలిగినవి రాస్తున్నాం. కంపెనీని బట్టి పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

1. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్. కాంటాక్టులు, మెసేజీలు, కాల్ లాగ్స్, మైకు, లొకేషన్ ఒక్కొక్కటీ తెరవండి. ఏ యాప్‌కి ఏది ఇచ్చి ఉందో అక్కడ కనపడుతుంది. అవసరం లేనివి తీసేయండి. తర్వాత నిజంగా కావాలంటే అదే అడుగుతుంది.

2. లొకేషన్, కెమెరా అడిగితే "ఈ ఒక్కసారికే" అనేది నొక్కండి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఉంది.

3. "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి, వాట్సాప్‌కి, బ్రౌజరుకి, ఫైల్ మేనేజరుకి అది ఆపేయండి. చలానా అని, ప్రభుత్వ పథకం అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు అక్కడే ఆగిపోతాయి.

4. ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా, మైకు వాడుతున్నప్పుడు తెర పైన మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. మీరు వాడకుండా వెలిగితే ఏ యాప్ వాడుతోందో ప్రైవసీ డ్యాష్‌బోర్డులో చూడండి.

5. సెట్టింగ్స్‌లో గూగుల్, యాడ్స్‌కి పోయి అడ్వర్టైజింగ్ ఐడీ తొలగించండి.

6. వాడని యాప్ తీసేయండి. లోన్ యాప్ అయితే తీసేసేముందు స్క్రీన్‌షాట్లు, డబ్బు కట్టిన రుజువులు దాచిపెట్టండి. వేధిస్తే 1930కి ఫోన్ చేయండి, దగ్గర్లో స్టేషన్లో రాసివ్వండి. ఒక్కరే పోవద్దు, గ్రూపులో చెప్పండి, ఎవరో ఒకరం తోడొస్తాం.

అప్పు తప్పనిసరైతే యాప్ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో పెట్టిన డిజిటల్ అప్పుల యాప్‌ల జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. చూడటం రాకపోతే పేరు మాకు పంపండి, చూసి చెప్తాం. అంతకంటే మంచి సంగతి, మన పొదుపు సంఘాల్లో అడిగే అక్కలు కాంటాక్టులు అడగరు.

రూము ఫోను చూడాలనుకున్నవాళ్ళు ఆదివారం రావచ్చు. పిక్సెల్ కొన్నవాళ్ళు తెచ్చుకుంటే పక్కన కూర్చుని ఎక్కించి ఇస్తాం, డబ్బేం వద్దు, కేబుల్ మాత్రం మంచిది తెచ్చుకోండి. మిగతావాళ్ళు ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మ ఫోను తీసుకుని పర్మిషన్ మేనేజర్‌లో కాంటాక్టులు అన్న ఒక్క వరస తెరవండి. ఎన్ని యాప్‌లకి ఇచ్చి ఉందో అమ్మకి చూపించండి. ఏది ఉంచాలో, ఏది తీయాలో అమ్మనే చెప్పమనండి. తీసేది కూడా ఆమె వేలితోనే తీయించండి.